కొలిస్తే అంకెలు ఒకటే రావు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 వెనక వరుసలో కూర్చున్నది మా 1985 పదో తరగతి బ్యాచ్ వాళ్లు. మా వాళ్లు అప్పుడూ వెనకే కూర్చునేవారు.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "నీ ఉద్యోగం గురించి ఓ అరగంట చెప్పు బావూ, పిల్లలు వింటారు" అన్నారు. నా ఉద్యోగం ఎమ్మారై స్కానింగ్ యంత్రాలను బిగించడం, పాడైతే బాగుచేయడం, అవి తీసే బొమ్మ సరిగా ఉందో లేదో కొలవడం. మొదటి రెండూ ఎవరికైనా అర్థమవుతాయి. మూడోదే ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేకపోయాను. "ఎమ్మారైలో నాయిస్ కొలుస్తాను" అంటే మా అప్ప "అవున్రా, లోపల పడుకుంటే రోట్లో రోకలి పోటేసినట్టు ఉంటాది, చెవులు చిల్లులు పడిపోతాయి" అంది.

ఆ మోత వేరు. అది యంత్రంలోని గ్రేడియంట్ కాయిళ్లలో కరెంటు క్షణక్షణానికీ మారుతుంటే, పెద్ద అయస్కాంతం వాటిని లాగి తోసే చప్పుడు. వంద డెసిబెళ్లు దాటుతుంది కాబట్టే చెవుల్లో దూది పెడతారు. దానివల్ల బొమ్మ పాడవదు. నేను చెప్పే నాయిస్ చెవికి వినపడదు, కంటికి కనపడుతుంది. మన వయసు వాళ్లందరూ దాన్ని చూశారు. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం సీరియల్ వచ్చే రోజులు గుర్తు తెచ్చుకోండి. ఊరికి ఒకటో రెండో టీవీలు. కొబ్బరిచెట్టుతో పోటీపడే గొట్టం మీద యాంటెన్నా. బొమ్మ నిండా చుక్కలు, రాముడి మొహం మీద ఇసక చల్లినట్టు. ఒకడు పైకెక్కి యాంటెన్నా తిప్పడం, "వచ్చిందా?" అని అరవడం, కింద నుంచి "వచ్చింది... ఆఁ పోయింది... కొంచెం సముద్రం వైపు" అని మనం అరవడం.

ఆ ఇసకే నాయిస్. ఇది పోలిక కోసం చెప్పిన మాట కాదు. 1.5 టెస్లా ఎమ్మారై యంత్రం 63.87 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో సిగ్నల్ వింటుంది. పాత టీవీ ప్రసారాలకు వాడిన బ్యాండ్-1, అంటే 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న వరుస, దాన్ని కలుపుకునే ఉంటుంది. ఇంట్లో ఇసక పడ్డ రాముడూ, ఆస్పత్రిలో ఇసక పడ్డ వెన్నెముకా దగ్గరి చుట్టాలే. తేడా ఒకటే. టీవీ దగ్గర "బాగుంది", "పోయింది" అంటే సరిపోయేది. ఆస్పత్రిలో సరిపోదు. ఎంత బాగుందో అంకెలో చెప్పాలి.

అంకె అనగానే నాకు తొమ్మిదో తరగతి ఫిజికల్ సైన్సు మాస్టారు గుర్తొస్తారు. పేరు చెప్పనక్కర్లేదు, ఆయన చేతిలో రికార్డు బుక్కు చిరిగినవాళ్లు ఈ హాల్లో కనీసం పదిమంది ఉన్నారు. స్క్రూగేజీతో రాగి తీగ మందం కొలవమన్నారు. ఐదు చోట్ల కొలవాలి. నేను ఒకచోట కొలిచాను, 0.71 మిల్లీమీటర్లు వచ్చింది. మిగిలిన నాలుగు గడుల్లో కూడా 0.71 వేసేసి, సగటు 0.71 అని గుండ్రంగా రాసి, అందరికన్నా ముందు పట్టుకెళ్లాను. ఆయన ఒక్క చూపు చూసి కాగితం నిలువునా చింపేశారు. "ఎన్నిసార్లు కొలిచావురా?" అన్నారు. ఐదుసార్లండీ అన్నాను. "కొలిస్తే అంకెలు ఒకటే రావు. ఒకటే వచ్చాయంటే నువ్వు కొలవలేదు, రాశావు" అన్నారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. తేడాలు రాకుండా ఉంటేనే కదా మంచి కొలత అనుకున్నాను. ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి 2011 దాకా పట్టింది. ఆ సంగతికి వస్తాను.

ముందు ఈ యంత్రం ఏం వింటుందో రెండు ముక్కల్లో. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటిలో హైడ్రోజన్. హైడ్రోజన్ కేంద్రకం ఒక చిట్టి అయస్కాంతం. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి 30 వేల రెట్లకు పైమాటే. అందులో మనిషిని పడుకోబెడితే ఈ చిట్టి అయస్కాంతాలు కొన్ని దాని దిక్కుకి, కొన్ని ఎదురు దిక్కుకి నిలబడతాయి. దాదాపు సగం సగం. మనకి సిగ్నల్ ఇచ్చేది ఆ రెండు వర్గాల మధ్య తేడా మాత్రమే. ఎంత తేడా అనుకున్నారు? పది లక్షలకి సుమారు 5. పది లక్షల ఓట్లు పోలైతే 5 ఓట్ల మెజారిటీ. మన పంచాయతీల్లో అయితే రీకౌంటింగ్ అడుగుతారు. ఒంట్లో నీరు లెక్కలేనంత ఉంది కాబట్టి ఆ 5 ఓట్లతోనే పని నడుస్తోంది. ఈ పద్ధతిలో బొమ్మ తీయవచ్చని 1973లో చూపించిన పాల్ లాటర్‌బర్‌కి, దాన్ని వేగంగా తీసే దారి వేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1951లో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ అనే శాస్త్రవేత్త పారే ద్రవంలో ఈ అయస్కాంత సిగ్నల్ ఎలా మారుతుందో కొలిచి ప్రచురించారు. ఇవాళ రక్తప్రవాహాన్ని ఎమ్మారైలో చూస్తున్నామంటే ఆ దారిలో మొదటి అడుగుల్లో ఒకటి మన దేశంలో పడింది. పిల్లలు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి, పాఠ్యపుస్తకాల్లో ఉండదు.

అంత చిన్న సిగ్నల్‌ని పట్టేది కాయిల్. ఒంటికి ఆనించి పెట్టే యాంటెన్నా అనుకోండి. ఆ కాయిల్‌కి సిగ్నల్‌తో పాటు ఇసక కూడా అందుతుంది. ఎక్కడిదా ఇసక? వేడి ఉన్న ప్రతి వస్తువులోనూ విద్యుత్ కణాలు ఊరికే ఉండవు, కదులుతుంటాయి. ఆ కదలిక కూడా చిన్న కరెంటే. 1920ల చివర్లో బెల్ లాబొరేటరీలో జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. ఇవాళ్టి 1.5 టెస్లా యంత్రంలో ఈ ఇసకలో పెద్ద వాటా కాయిల్ రాగి తీగది కాదు, రోగి ఒంటిది. ఒంట్లో ఉప్పు ఉంది, ఉప్పు నీటిలో కరెంటు పారుతుంది, వెచ్చగా ఉన్న ఉప్పు కణాలు కదులుతుంటాయి. బొమ్మ ఇచ్చేదీ మనిషి ఒళ్లే, బొమ్మను చెడగొట్టేదీ మనిషి ఒళ్లే.

అందుకే యంత్రాన్ని పరీక్షించడానికి వాడే ఫాంటమ్‌లో ఉప్పు వేస్తారు. ఫాంటమ్ అంటే దెయ్యం కాదు, కొలతల కోసం తయారుచేసిన డబ్బా. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వాళ్ల డబ్బా లోపల 148 మిల్లీమీటర్ల పొడవు, 190 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉంటుంది. అందులో నికెల్ క్లోరైడ్ కలిపిన నీరు, లీటరుకి నాలుగున్నర గ్రాములకు కొంచెం తక్కువ ఉప్పు. నికెల్ వల్ల సిగ్నల్ త్వరగా కోలుకుంటుంది, ఉప్పు వల్ల డబ్బా కాయిల్‌కి మనిషిలా అనిపిస్తుంది. ఒక కుర్ర టెక్నీషియన్‌కి ఇది చెబితే "మన నౌపడ ఉప్పు వేస్తే కుదరదా సార్?" అన్నాడు. వాడిది సంతబొమ్మాళి వైపు. కుదురుతుందిరా, కాని ఆ ఉప్పులో ఇంకేమేం ఉన్నాయో తెలియాలి కదా అన్నాను.

ఆ డబ్బా బొమ్మ తీసి చాలా చూస్తాం. 190 మిల్లీమీటర్ల డబ్బా బొమ్మలో 190 గానే వచ్చిందా, ఒక మిల్లీమీటరు చిల్లులు విడివిడిగా కనపడుతున్నాయా, బొమ్మంతా వెలుగు సమంగా ఉందా. ఆ సమానత నిర్ణీత హద్దుకి తగ్గకూడదు. ఇవన్నీ అవసరమే. ఇవాళ నాకున్న సమయంలో ఒక్క అంకె గురించే చెబుతాను. సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి, మా వాళ్లు ఎస్సెన్నార్ అంటారు.

సిగ్నల్ కొలవడం తేలిక. డబ్బా మధ్యలో ఒక గుండ్రం గీసి, లోపలి అంకెల సగటు తీస్తే అయిపోయింది. నాయిస్ కొలవడంలోనే మోసపోతాం. పాత పద్ధతి ఏమిటంటే, డబ్బా బయట గాలి ఉన్న చోట గుండ్రం గీసి, అక్కడి అంకెలు ఎంత చెదిరాయో చూడడం. గాలిలో సిగ్నల్ ఉండదు కనక అక్కడున్నదంతా నాయిస్సే. వినడానికి బాగుంది. కాని ఎమ్మారై బొమ్మలో మైనస్ అంకె ఉండదు. సున్నాకి అటూ ఇటూ ఊగవలసిన నాయిస్‌ని యంత్రం ప్లస్ వైపుకే మడిచేస్తుంది. దాంతో గాలిలో చెదురు అసలు నాయిస్‌లో 65.5 శాతమే కనిపిస్తుంది. ఆ సవరణ చేయడం మరిచిపోతే మీ యంత్రం ఉన్నదానికన్నా ఒకటిన్నర రెట్లు మంచిదైపోతుంది. యంత్రాలు అమ్మేవాళ్లకి ఈ మతిమరుపు తరచుగా వస్తుంటుంది. పైగా ఇప్పటి యంత్రాల్లో ఒక కాయిల్ కాదు, ఎనిమిదో పదహారో చిన్న కాయిళ్లు కలిసి వింటాయి. అప్పుడు నాయిస్ బొమ్మంతా ఒకేలా ఉండదు, ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ. గాలిలో కొలిచింది నడుము దగ్గర చెల్లదు.

ఇంకో పద్ధతి ఉంది, నాకు ఇష్టమైనది. డబ్బాని కదపకుండా ఒకదాని వెంట ఒకటి రెండు బొమ్మలు తీయండి. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేయండి. డబ్బా రెంటిలోనూ ఒకటే కాబట్టి డబ్బా పోతుంది. మిగిలేది తేడా, ఆ తేడాయే నాయిస్. సగటు సిగ్నల్ 1000, తేడా బొమ్మలో చెదురు 14.1 అనుకుందాం. రెండు బొమ్మల నాయిస్ కలిసింది కాబట్టి 1.414తో భాగిస్తే 10. వెయ్యిని పదితో భాగిస్తే 100. అదీ ఎస్సెన్నార్. మాస్టారు ఐదుసార్లు కొలవమన్నది దీనికే. ఒక్క కొలతలో నాయిస్ ఎంతో తెలియదు. రెండోసారి కొలిస్తేనే, రెంటికీ మధ్య తేడా వస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు 2011 సంగతి. మా నాన్న ఉద్దానం రైతు. కొబ్బరి, జీడి, కొంచెం పనస. ఉద్దానం అంటే ఉద్యానమే కదా, ఆ మాటకి తగ్గట్టే ఉండేది మా తోట. కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. మన కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఇది రాని వీధి ఉందా? ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు చేసి 2019లో ప్రచురించిన సర్వేలో నూటికి 18 మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. నాన్న వారానికి రెండుసార్లు పలాస స్టేషన్లో రైలెక్కి విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకునేవారు. ఆ ఏడాది ఆయనకి నడుం నొప్పి మొదలైంది, రాత్రుళ్లు జ్వరం. డయాలసిస్ రోగులకి వెన్నుపూసల మధ్య ఇన్ఫెక్షన్ చేరే ప్రమాదం ఉంది. ఎమ్మారై తీయమన్నారు. నేను అప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాను. తమ్ముడు దగ్గర్లో ఉన్న ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాడు.

రిపోర్టులో ఏమీ తేలలేదు. మూడో నాలుగో పూసల మధ్య అనుమానం ఉంది, బొమ్మ స్పష్టంగా లేదు, కాంట్రాస్ట్ ఇచ్చి మళ్లీ తీయాలి అని రాశారు. కాంట్రాస్ట్ అంటే గాడోలినియం అనే లోహం కలిసిన ఇంజక్షన్. జబ్బు ఉన్నచోట అది మెరుస్తుంది, ఇసకలో కూడా కనపడుతుంది. మామూలు మనిషికైతే కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. నాన్నకి ఆ దారి మూసుకుపోయింది కదా. కిడ్నీలు చెడినవాళ్లలో చర్మం చెక్కలా బిగిసిపోయే ఒక వ్యాధికీ ఈ మందుకీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. 2007లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. ఇప్పుడు వాడే కొత్త రకం గాడోలినియం మందులతో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువని తేలింది, అవసరమైతే ఇస్తున్నారు కూడా. 2011లో మాత్రం నాన్న కిడ్నీ డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఒకరు ఇంజక్షన్ లేకపోతే చెప్పలేనంటారు, ఒకరు ఇంజక్షన్ ఇవ్వొద్దంటారు. మధ్యలో మనిషి మంచం మీద పక్కకి కూడా తిరగలేకపోతున్నాడు.

నేను సెలవు పెట్టి వచ్చి ఆ ఫిల్ములు కిటికీకి అడ్డంగా పెట్టి చూశాను. నేను డాక్టరుని కాను, జబ్బు చదవడం నాకు రాదు. ఇసక చదవడం వచ్చు. పై పూసల దగ్గర బొమ్మ నున్నగా ఉంది, సరిగ్గా నడుం దగ్గర ఇసక కమ్మేసింది, కింద మళ్లీ నున్నగా ఉంది. ఒంటివల్ల వచ్చే నాయిస్ అలా మెట్లు మెట్లుగా ఉండదు. బల్లలో బిగించి ఉండే వెన్నెముక కాయిల్‌లో ఒక ముక్క చచ్చిపోయింది.

ఆ సెంటర్‌కి వెళ్లాను. ఆ యంత్రం మా కంపెనీది కాదు. నేను ఫలానా అని చెప్పి, బతిమాలుకుని, ఫాంటమ్ లాగ్ పుస్తకం చూపించమన్నాను. వారం వారం డబ్బా బొమ్మ తీసి ఎస్సెన్నార్ రాయాల్సిన పుస్తకం అది. అందంగా రాశారు. తేదీ, సమయం, సంతకం. 112.4. తరువాత వారం 112.4. ఆ తరువాత 112.4. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క వారాలు.

నాకు నవ్వు రాలేదు, కోపం రాలేదు. మన ల్యాబ్ బల్ల ముందు నిలబడినట్టయింది. టెక్నీషియన్ కుర్రాడు, పాతికేళ్లుంటాయి, తల దించుకున్నాడు. రోజుకి పాతిక స్కాన్లు, బయట బెంచీల మీద జనం, డబ్బా పెట్టి పావుగంట కూర్చోవడానికి వాడికి తీరిక ఎవరిచ్చారు? ఆ పుస్తకం కింద ఒక ఇంజనీరు సంతకం కూడా ఉంది. ఆయన్నీ నేను ఏమీ అనలేను. నా చేతుల మీదుగా నడిచిన యంత్రాల పుస్తకాల మీద నేను కూడా అలా సంతకాలు పెట్టినవాడినే. సంతకం పెట్టేటప్పుడు చూసేది అంకె లిమిటులో ఉందా లేదా అని. వరసగా ఒకే అంకె ఉందేమిటని చూసింది లేదు. ఆ పుస్తకాల్లో ఎవరెవరి నడుములు ఇసకలో పోయాయో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇద్దరం కలిసి డబ్బా పెట్టి రెండు బొమ్మలు తీశాం. కాయిల్ బాగున్న చోట 110 చిల్లర వచ్చింది, మళ్లీ తీస్తే 108, మళ్లీ తీస్తే 113. నడుం దగ్గర 60 దాటలేదు.

కాయిల్ మార్చాలంటే విడిభాగం రావాలి, రోజులు పడుతుంది. ఎక్కువసార్లు తీసి సగటు చేస్తే నాయిస్ తగ్గుతుంది, అందులో మాయేమీ లేదు. కాని రెండింతలు బాగుపడాలంటే నాలుగింతలు సమయం కావాలి. నాలుగు నిమిషాల స్కాన్ పదహారు నిమిషాలవుతుంది. నాన్న ఐదు నిమిషాలు కదలకుండా పడుకోలేని స్థితి. కదిలితే నాయిస్ కన్నా పెద్ద తప్పు వస్తుంది. పిక్సెల్ పెద్దది చేస్తే సిగ్నల్ పెరుగుతుంది, వివరం పోతుంది. ఏ దారిన వెళ్లినా ఏదో ఒకటి చెల్లించాలి. చివరికి చేసింది చిన్న పని. నాన్నని బల్ల మీద ఒక జానెడు తలవైపుకి జరిపాం. నడుం ఇప్పుడు బతికున్న కాయిళ్ల మీదికి వచ్చింది. తలగడలు సర్ది, కొవ్వు సిగ్నల్‌ని అణిచి వాచిన చోట నీరు మెరిసేలా తీసే స్కాన్ ఒకటి, మామూలుది ఒకటి. ఇంజక్షన్ లేదు. మూడో నాలుగో పూసల మధ్య డిస్కు, దాని రెండు వైపులా ఎముక తెల్లగా వెలిగాయి. రేడియాలజిస్టుగారు చూసి ఇన్ఫెక్షనే అన్నారు. ఆరు వారాలు డయాలసిస్‌తో పాటే యాంటీబయాటిక్ ఎక్కించారు. సంక్రాంతికి నాన్న తోటలోకి కర్ర పట్టుకుని నడిచి వెళ్లారు.

2013లో ఆయన పోయారు, కిడ్నీ జబ్బుతోనే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ కొబ్బరిచెట్లు నేలకూలడం చూడలేదు. ఒక రకంగా అదే నయం.

ఇది మా ఇంటి గొడవ, మీకెందుకు చెప్పానంటే, మన ప్రాంతానికి ఈ అంకె మిగతావాళ్ల కన్నా ఎక్కువ అవసరం. కిడ్నీలు బాగున్న ఊళ్లో బొమ్మ బాగా రాకపోతే ఇంజక్షన్ ఆదుకుంటుంది. ఇక్కడ ఆ ఇంజక్షన్‌కి ముందు ప్రతిసారీ ఆలోచించాలి. ఇసక తక్కువగా ఉన్న బొమ్మే మన ఆసరా. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మనవాళ్లు డయాలసిస్‌కి తెల్లవారుజామున రైలెక్కే బాధ తగ్గుతుందంటే అంతకన్నా సంతోషమేముంది. యంత్రాలు వస్తాయి. వాటి పక్కన డబ్బా ఉండాలి, ఆ డబ్బాకి వారానికి ఒక పావుగంట ఉండాలి. మీలో ఆస్పత్రుల్లో, కమిటీల్లో పెద్ద స్థానాల్లో ఉన్నవాళ్లున్నారు. లాగ్ పుస్తకం అడగండి. అంకెలు కొంచెం కొంచెం మారుతున్నాయా చూడండి. అది చూడడానికి ఇంజనీరు అక్కర్లేదు.

సముద్రం పక్కన ఉన్నందుకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎమ్మారై గది చుట్టూ గోడల్లో రాగిరేకు ఉంటుంది, బయటి రేడియో తరంగాలు రాకుండా. తలుపు అంచున రాగి వేళ్లు ఉంటాయి, మూసినప్పుడు అవి చౌకట్టుని గట్టిగా పట్టుకోవాలి. ఉప్పుగాలికి అవి పచ్చగా చిలుము పడతాయి. అప్పుడు బొమ్మలో పైనుంచి కిందికి చుక్కల గీత ఒకటి వస్తుంది, జిప్పులాగ. దానికోసం ఒకసారి మూడు రోజులు సర్క్యూట్ బోర్డులన్నీ విప్పి చూశాను. నాలుగో రోజు ఊడ్చే ఆవిడ "తలుపు సరిగ్గా పడట్లేదు బాబూ, నేను రోజూ తన్ని మూస్తున్నాను" అంది. స్పిరిట్‌తో తుడిస్తే పోయింది.

ఇక ఇప్పుడు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వచ్చింది. ఇసక పడ్డ బొమ్మ ఇస్తే నున్నగా చేసి ఇస్తుంది. పావు వంతు సమయంలో స్కాన్ అయిపోతుంది. నాన్నలాంటి వాళ్లకి అది వరమే, నేను దానికి వ్యతిరేకిని కాను, రోజూ బిగిస్తున్నాను. కాని ఒక్కటి చూశాను. నాయిస్ కొలిచే పాత పద్ధతులు దాని ముందు పనిచేయవు. అది ఇసకని తుడిచేస్తుంది కాబట్టి ఎస్సెన్నార్ ఆకాశానికి వెళ్తుంది. తుడిచేటప్పుడు ఇసకతో పాటు ఒక చిన్న మచ్చ కూడా పోయిందేమో ఆ అంకె చెప్పదు. పలాసలో జీడిపప్పు గ్రేడు చేసేవాళ్లని అడగండి. డబ్ల్యూ 240 అంటే పౌనుకి 220 నుంచి 240 పలుకులు. లెక్క సరిపోయినంత మాత్రాన లోపల పుచ్చు లేదని కాదు, అందుకే పలుకుని చేత్తో తిప్పి చూస్తారు. మేమూ అదే చేస్తున్నాం. డబ్బాలో కావాలని చాలా మసకగా ఉండే చుక్కలు పెడతాం, తుడిచిన తరువాత అవి ఎన్ని మిగిలాయో లెక్కపెడతాం. ఒక్కోసారి మిగలవు. ఒక్కోసారి, ఇది నన్ను ఎక్కువ భయపెడుతుంది, లేనివి కనిపిస్తాయి.

మా మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. 2011 తరువాత ఒకసారి ఆయన ఇంటికి వెళ్లి ఆ ముప్పై ఒక్క వారాల సంగతి చెప్పాను. మంచి మాట ఏదైనా అంటారని ఆశపడ్డాను. అంతా విని, "అప్పుడు నీ తీగ ఎంత ఉండేదిరా?" అన్నారు. 0.71 అండీ అన్నాను. "కాదు, ఆ తీగ ఒక చివర సాగింది. అక్కడ 0.66 ఉండాలి. నేను కావాలనే సాగదీసి ఇచ్చేవాణ్ణి" అన్నారు.

మన బడి ల్యాబ్‌కి నా వంతుగా పన్నెండు స్క్రూగేజీలు తెచ్చాను, ఇందాకే సైన్సు టీచరమ్మగారికి అప్పగించాను. ఒకదానికి జీరో ఎర్రర్ ఉంది. ఏదో ఆవిడకి కూడా చెప్పలేదు.